కరుణమ్మ పండ్లు మానేసిన నలభై రోజులు

డైటీషియన్ చదువు పూర్తిచేసి ఆసుపత్రుల్లో చేరబోయే పిల్లలు నాకు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, ఈ పని ఎట్ల ఉంటది?" అని అడుగుతారు. అలసటగా ఉంటుందని చెప్తాను. నేను సరదాకి అంటున్నాననుకుని నవ్వుతారు. నిజమే చెప్తున్నానమ్మా. చేవెళ్లలో ఒక మోస్తరు ఆసుపత్రిలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. అన్నం తగ్గించండి, నూనె తగ్గించండి, పండ్లు తినండి. ఈ మూడు మాటలు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. విన్నవాళ్లు తల ఊపుతారు, బయటికి వెళ్లి బస్టాండులో వేడివేడిగా ఏదో ఒకటి తింటారు.

ఊళ్లవాళ్లు నాకు పెట్టిన పేరు "తిండి మేడం". తిండి పెట్టే మేడం అని కాదు, తిండి మాన్పించే మేడం అని. నేను కాంటీన్‌లోకి వస్తే చాలు, పేషెంట్ల చుట్టాలు సమోసా కాగితం మడిచి ఒళ్లో దాచుకునేవాళ్లు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆ కాంటీన్‌కి వెళ్లడమే మానేశాను.

ఎప్పుడు చేరానో, ఎప్పుడు సీనియర్ అయ్యానో రాయను. అవి మీకు పనికిరావు. ఒక మనిషి గురించి, ఆమె తిన్న పండ్ల గురించి, మానేసిన పండ్ల గురించి రాస్తాను.

పండు అంటే పేషెంటు

మా వైపు జనానికి పండ్లు తెలియనివి కావు. ఎండాకాలం మామిడి, వానలు వెనకపట్టాక సీతాఫలం, తోవ పక్క గంపలో కనపడితే జామ. అవి సరదాకి తినేవి. కానీ పనిగట్టుకుని కొట్టుకు వెళ్లి బత్తాయిలో, ఆపిల్ పండ్లో కొన్నారంటే ఎవరో మంచాన పడ్డారన్నమాట. ఆసుపత్రి గేటు ముందు అన్ని పండ్ల బండ్లు ఉండేది అందుకే. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ల చేతిలో ఒక కవరు ఉంటుంది. పేషెంటుకు నోరు చేదు, తినడు. తోడున్నవాళ్లు మొహమాటానికి ఒకటి ఒలుచుకుంటారు. మిగిలినవి మంచం కింద ముడతలు పడతాయి.

ఈ సంగతి తెలియకుండా లావుగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి "రోజూ పండ్లు తినమ్మా" అంటే ఆమెకు వినపడేది వేరు. నువ్వు రోగిష్టిదానివి, రేపట్నుంచి రోగిష్టి తిండి తిను అన్నట్టు వినపడుతుంది. మా పాత సూపరింటెండెంటు గారికి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఆయన ఏదో పెద్ద ఆసుపత్రి కాగితం తెచ్చి జిరాక్సులు తీయించి అందరికీ పంచమన్నారు. అందులో కివి, అవకాడో ఉన్నాయి. ఆలూరు నుంచి వచ్చిన ఒకాయన దాన్ని పట్టుకొచ్చి, "మేడం, గీ అవకాడో అంటే గోలీనా, సూదా?" అని అడిగాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది!

ఇన్నేళ్లలో నాకు తెలిసింది సూటిగా చెప్తాను. పండ్లు తిన్నంత మాత్రాన లావు తగ్గరు. రోజూ ఒకటో రెండో నమిలి తింటే లావు పెరగరు కూడా. బిస్కెట్టు, బజ్జీ తినే వేళకు వాటి బదులు పండు వస్తే మాత్రం షుగరూ బీపీ నెమ్మదిగా దారికొస్తాయి, పొద్దున కడుపు తేలికవుతుంది, సాయంత్రం ఆకలి అంత పీడించదు. తూకం యంత్రం మీద ఇవేవీ కనపడవు. అందుకే పేషెంటూ నమ్మడు, డాక్టరూ నమ్మడు. అన్నీ తిని, పైన పండు కూడా తింటే అది ఇంకొంత తిండి, అంతే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఏ పండు పడితే ఆ పండు చెప్పకండి, ముందు డాక్టరును అడగండి.

మొయినాబాద్ సీసా

ఒక పండు నమిలి తినడానికి, పది పండ్లు తాగడానికి ఉన్న తేడా నాకు బాగా చూపించింది శ్రీనివాస్ గారు. భీమవరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం, కంప్యూటర్ ఉద్యోగం, మొయినాబాద్ దగ్గర విల్లా. మంచి భారీ మనిషి. కాలేయానికి కొవ్వు పట్టిందన్న రిపోర్టు పట్టుకుని వచ్చారు.

"అన్యాయం కదండీ మేడం గారూ! టిఫిన్ మానేశాను, రాత్రి రైస్ మానేశాను. ఓన్లీ ఫ్రూట్సేనండి. అయినా రిపోర్టు ఇలా వచ్చిందేంటండీ?"

"ఎట్లా తింటున్నారు?"

"తినే టైమెక్కడుందండీ? మిక్సీలో వేసి, వడగట్టి, సీసాలో పోసి ఇచ్చేస్తుంది మా ఆవిడ. కార్లో తాగేస్తాను. మధ్యాహ్నానికి ఇంకో సీసా."

మళ్లీ వచ్చేటప్పుడు ఒక సీసాలో పోసే పండ్లన్నీ పండ్లుగానే తెమ్మన్నాను. పెద్ద సంచీతో వచ్చారు. బల్ల మీద పెట్టి, నా ముందే తినమన్నాను. బత్తాయిలు ఒలుచుకుంటూ, ఆఫీసు కబుర్లు చెప్తూ హుషారుగా మొదలుపెట్టారు. సంచీ సగం కూడా ఖాళీ కాకముందే దవడలు పట్టుకున్నారు.

"ఇంక నా వల్ల కాదండీ."

"ఇది ఒక సీసా. మీరు రోజుకు రెండు తాగుతున్నారు."

ఆయన చాలాసేపు ఆ సంచీ వంకే చూశారు. కొన్ని నెలలు బుద్ధిగా పండ్లు కోసుకుని తిన్నారు, రిపోర్టు కొంత మెరుగైంది. తర్వాత ప్రాజెక్టు ఒత్తిడి, తొక్క తీసే తీరిక లేదు, మళ్లీ సీసా. మళ్లీ చెప్పే ఓపిక నాకూ ఉండాలి కదా. ఈ ఉద్యోగంలో గెలుపులు ఇలాగే ఉంటాయి, కొన్ని నెలలు నిలుస్తాయి.

కరుణమ్మ చేను

కరుణమ్మది ముడిమ్యాల. నా ఈడుదే, మహా అయితే రెండేళ్లు పెద్ద. చామంతులు, కొత్తిమీర, పాలకూర వేసే చిన్న చేను ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ ఫామ్‌హౌసులై గోడలు లేచాయి. ఆమె చేను ఒక్కటీ పచ్చగా మిగిలింది. మోకాళ్లు రెండూ అరిగిపోయి, కోడలు సుజాత భుజం పట్టుకుంటే గానీ గుమ్మం దాటలేని స్థితిలో మా దగ్గరికి వచ్చింది. బరువు బాగా ఎక్కువ, షుగర్ అంతకన్నా ఎక్కువ.

మా ఎముకల డాక్టరు గారు హైదరాబాదు నుంచి వారానికి కొన్ని రోజులు వచ్చేవారు. చేతిపని బంగారం, మాట మాత్రం కటువు. "ముందు షుగర్ దిగాలి, బరువు కొంతైనా తగ్గాలి. అప్పుడే ఆపరేషన్. మోకాళ్లు నేను మారుస్తాను, మనిషిని మీరు మార్చండి" అని ఆమెను నా గదికి పంపారు.

"మేడం, నేను నడువాలె," అంది కరుణమ్మ కుర్చీలో సర్దుకుంటూ. "నేను చేన్లకు పోకపోతే చేను పడావు పడుతది. నా కొడుకు అమ్ముదాం అంటున్నడు. నేను నడిస్తే అమ్మడు. గంతే, నాకు ఇంకేం వద్దు."

ఏమేం ఇష్టంగా తింటావని అడిగాను. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. నాలుగు చెంచాల చక్కెర చాయ్, బస్సు స్టేజీ దగ్గర మిర్చి బజ్జీ, తొక్కు పచ్చడి వేసుకుని రెండోసారి అన్నం, ఆదివారం యాట మాంసం కూర, ఎప్పుడైనా కోవా. ఆమె చెప్తున్న వరుసలోనే నేను ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను. మా పని అదే కదా. అన్నిటికీ సరే అంది.

"వీటి బదులు నాలుగింటికి ఒక పండు తిను."

"రోజూనా? బీమారొచ్చినోల్ల లెక్క?" అంది, సరే అననిది ఆ ఒక్కదానికే.

మొదటి నెల ఏమీ మారలేదు. అన్నమంతా తిని, మేడం చెప్పిందని పైన పండు తిన్నది. నేను మళ్లీ మొదట్నుంచి చెప్పాను. రెండో నెల కోడలు రోజు విడిచి రోజు పండ్ల కవరుతో ఇంటికి రావడం వాడకట్టంతా చూసింది. ఒక సాయంత్రం చర్చి మహిళా సమాజం వాళ్లందరూ బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని వచ్చి కరుణమ్మ మంచం చుట్టూ నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు.

"నేను సచ్చిపోతున్న అనుకున్నరు మేడం!" అని చెప్పి, కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. "కండ్లు మూసుకొని ఒగటే ఏడుస్తున్నరు. నాకేం గాలేదు, తిండి మేడం తినమన్నది అంటె గూడ నమ్మరు. ఆళ్లు తెచ్చిన బత్తాయిలు ఆళ్లకే ఒలిచి పెట్టిన."

ఆ రోజుతో ఆమెకు సిగ్గు పోయింది. వాకిట్లో కూర్చుని అందరికీ కనపడేలా తినేది. తర్వాత సిగ్గు పోవడమే కాదు, రుచి పట్టింది. జామకాయ దోరగా ఉండాలి, బొప్పాయి ఫలానా బండి దగ్గరే తేవాలి, నేరేడు పండ్ల కాలం ఎంత తొందరగా అయిపోయిందో. నా గదికి వస్తే కొంగులోంచి సగం జామకాయ తీసి, "తిని చూడు మేడం, చక్కెర లెక్కున్నది" అనేది. నేను ఎన్ని వేలమందికి పండ్లు తినమని చెప్పానో, నాకే ఒకరు పండు తినమని పెట్టడం అదే మొదలు.

ఏడాది తిరిగేసరికి బరువు కొంచెమే తగ్గింది. డాక్టరు గారు తూకం చూసి మూతి విరిచారు. కానీ షుగర్ బాగా దిగింది, బీపీ గోలీ ఒకటి తగ్గించారు, రాత్రులు నిద్రపడుతోంది. "సరే, ఒప్పుకుంటున్నా" అని రాబోయే ఈస్టర్ అయిన వారానికి ఆపరేషన్ పెట్టుకుందామని రోజు ఇచ్చారు. కరుణమ్మ ఆ రోజు డాక్టరు గారి చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. నాకూ సంతోషమైంది. రిటైరయ్యే ముందు ఒక్క పనైనా చివరిదాకా చూస్తాననుకున్నాను.

దేవుడికి ఇచ్చింది

ఆపరేషన్‌కు ముందు పరీక్షల కోసం వచ్చినప్పుడు షుగర్ మళ్లీ ఎక్కి కూర్చుంది. తగ్గిన ఆ కాస్త బరువూ తిరిగొచ్చింది. డాక్టరు గారు రిపోర్టు చూసి, "ఈ షుగర్‌తో కత్తి పెట్టను. పుండు మానదు. వానలు అయ్యాక చూద్దాం" అని ఆమె రోజును ఇంకొకరికి ఇచ్చేశారు. నేను ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"ఏం తిన్నవ్ కరుణమ్మా? మల్ల మిర్చి మొదలువెట్టినవా?"

"దేవుని మీద ఒట్టు, మిర్చి ముట్టలే."

"మరి పండ్లు తింటున్నవా?"

సుజాతే అందుకుంది. "ఇడిసింది మేడం. శ్రమల దినాలు మొదలైనకాడికెల్లి ఒక్క పండు ముట్టలే. నాలుగింటికి ఆకలి అంటది, గిన్నెడు అటుకులు తింటది, బిస్కట్లు తింటది. నేను చెప్తె ఇంటదా?"

ఈస్టర్ ముందు నలభై రోజులను చర్చికి వెళ్లే ఇళ్లలో శ్రమల దినాలంటారు. ఆ నలభై రోజులు తమకు ఇష్టమైనది ఒకటి దేవుడి కోసం వదులుకుంటారు. ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు తలలో పూలు మానేస్తారు, ఒకరు చాయ్. ఈమె పండ్లు మానేసింది!

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాది కష్టం, దొరక్క దొరికిన రోజు, అన్నీ అటుకుల గిన్నెలో కలిసిపోయాయి. గొంతు పెంచేశాను. "నీకు జరంత బుద్ధి ఉన్నదా? దేవునికి ఇయ్యనీకి ఇంకేం దొరకలేదా నీకు? పండే దొరికిందా?"

కరుణమ్మ తల ఎత్తి నన్ను చూసింది. కోపం లేదు. చెప్తే అర్థమవుతుందో లేదోనన్న సందేహం మాత్రం ఉంది.

"ఇంకేమున్నది మేడం నా దగ్గర? చాయ్‌ల చక్కెర నువ్వు ఇడిపిచ్చినవ్. మిర్చి ఇడిపిచ్చినవ్. తొక్కు, కోవా, యాట కూర... అన్నీ నీకే ఇచ్చిన. ఇష్టం లేనిది దేవునికెట్ల ఇస్త? నాకు ఇష్టమైనవి పండ్లొక్కటే మిగిలినయి. గవే ఇచ్చిన."

నేను కూర్చున్నాను. ఎంతమందికి చెప్పినా ఎవరూ పండును పట్టించుకోలేదని అప్పటికి ఎన్నేళ్లుగానో విసుక్కుంటున్నాను. ఒక్క మనిషి పట్టించుకుంది, దేవుడికి ఇచ్చేంత ఇష్టపడింది. నేను ఆమెను తిడుతున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడానికి కిటికీ వేసే వంకతో లేచాను.

ఆ వారంలోనే కొడుకు ఎవరినో తీసుకొచ్చి చేను చూపించాడని సుజాత ఫోన్ చేసి చెప్పింది. వాళ్లు గట్టు మీద నిలబడి గోడ ఎక్కడ కట్టాలో మాట్లాడుకున్నారట. వాకిట్లోంచి చేను కనపడుతుంది, కరుణమ్మ అక్కడే కూర్చుని అదంతా చూసిందట.

రెండు మిర్చిలు

ఈస్టర్ అయ్యాక ఆమెను మళ్లీ పిలిపించాను. ఆమె నా ముందున్న కాగితాన్ని బెదురుగా చూస్తోంది, ఇంకా ఏం కొట్టేస్తానోనని.

"పండ్లు మల్ల మొదలువెట్టు. నాలుగింటికి, ముందటి లెక్కనే."

"మొదలువెట్టిన మేడం. ఈస్టర్ పొద్దుగాల్నే తిన్న."

"ఇంకోటి. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు స్టేజీ కాడ రెండు మిర్చిలు తిను."

ఆమె సుజాత వైపు తిరిగింది, నేనన్నది సరిగ్గా విన్నదో లేదో తెలుసుకోవడానికి. "నువ్వే వద్దన్నవ్ గద?"

"ఇప్పుడు నేనే తినమంటున్న. రెండే. ఆదివారమే. ఆ పూట అన్నం జర తక్కువ తిను. వచ్చే యేడు దేవునికి ఇయ్యనీకి నీ దగ్గర ఒకటి ఉండాలె."

వేళాకోళమా అని కాసేపు నా ముఖం పరిశీలించింది. కాదని తెలిశాక మెల్లగా నవ్వు మొదలై, కుర్చీ మళ్లీ కిర్రుమంది.

డాక్టరు గారికి ఈ సంగతి తెలిసింది. "షుగర్ పేషెంటుకు మిర్చి బజ్జీ రాసిచ్చిన డైటీషియన్‌ని మిమ్మల్నే చూశాను" అన్నారు. ఇంకో రెండు నెలల్లో వెళ్లిపోతున్నాను సార్, ఆ తర్వాత ఎవరూ రాయరు, అన్నాను. ఆయన నవ్వలేదు గానీ అడ్డు చెప్పలేదు.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. లావుగా ఉన్న మనిషి మీ ముందు కూర్చున్నప్పుడు, అప్పటికే ఊరంతా ఆ మనిషి పళ్లెంలోకి తొంగిచూసి ఉంటుంది. మీరూ వెళ్లి పళ్లెం మొత్తం ఊడ్చేయకండి. పండు పెట్టండి, మంచిదే, నెమ్మదిగా పనిచేస్తుంది. దాంతోపాటు వాళ్లకు ప్రాణమైనది ఏదో ఒకటి కొంచెమైనా ఉంచండి. ఇది పుస్తకంలో ఉండదు, పరీక్షలో రాస్తే మార్కులు పడవు. నాకు ఇది తెలిసేసరికి రిటైర్మెంటు దండ తెచ్చిపెట్టారు.

వానలు వెళ్లాక కరుణమ్మకు కుడి మోకాలు ఆపరేషన్ అయింది. అప్పటికి నేను ఆసుపత్రిలో లేను, సుజాత ఫోన్ చేసి చెప్పింది. ఎడమది ఇంకా మిగిలే ఉంది. కొడుకు అమ్మకం మాట ఆపాడు. మానుకున్నాడో, వాయిదా వేశాడో నాకు తెలియదు.

ఈ ఏడు శ్రమల దినాలు మొదలైన వారంలో ఒక సాయంత్రం ఫోన్ మోగింది. నేను మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు నావీ నొప్పులే. కరుణమ్మ పేరు చూసి నూనె చేత్తోనే ఫోన్ ఎత్తాను.

"మేడం, చేన్ల ఉన్న," అంది. వెనక బోరు నీళ్ల చప్పుడు వస్తోంది. "కట్టె పట్టుకొని నేనే నడిసొచ్చిన. కొత్తిమీరకు నీళ్లు పెడుతున్న."

"మంచిది కరుణమ్మా," అన్నాను. అడగక తప్పలేదు. "ఈసారి ఏం ఇడిసినవ్?"

"మిర్చి," అంది గట్టిగా. "మస్తు కష్టమైతున్నది మేడం. స్టేజీ కాడికి పోతే వాసనకే పానం గుంజుతున్నది."

"పండ్లు?"

"ఇగో, జామకాయ నోట్లనే ఉన్నది." నమిలే చప్పుడు నాకు వినపడింది. గొంతు తగ్గించి అడిగింది. "మేడం, పండుగ అయినంక మిర్చి మల్ల తినొచ్చు గద?"

"తిను కరుణమ్మా," అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట అంత తేలిగ్గా నేనెప్పుడూ అనలేదు.